“బ్రేకులు ఫెయిల్ కావడంతో...” అని నేను రాసిన ఝూట్

పదిహేడేళ్ళుగా పేపర్లో పని చేస్తున్నా. ఒక వాక్యం నా వేళ్ళకు అలవాటైపోయింది. కీబోర్డు మీద చెయ్యి పెడితే చాలు, అదే వచ్చేస్తుంది. “బ్రేకులు ఫెయిల్ కావడంతో అదుపు తప్పిన లారీ...” ఆ తరువాత ఊరి పేరు, చనిపోయినవాళ్ళ సంఖ్య, ఆసుపత్రి పేరు, చివర్లో “పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు”. పది నిమిషాల పని. ఖసమ్ చేసి చెప్తున్నా, ఆ మొదటి మూడు మాటలు సచ్చేనా అని ఒక్కసారి కూడా చూళ్ళేదు. ఎస్సై ఫోన్లో అన్నాడు, నేను రాశాను. ఎస్సైకి చెప్పిందెవరు? క్లీనరు. వాడికి పంతొమ్మిదేళ్ళు ఉంటాయి, తలకు కట్టు కట్టించుకోని కూర్చోనుంటాడు. ఏం జరిగిందిరా అంటే “బ్రేకు పడలే సార్” అంటాడు. అంతే. ఆ ముక్కే మరుసటిరోజు జిల్లా ఎడిషన్లో అచ్చు.

పోయిన నవంబరు దాకా నాకు ఇందులో ఏ గలతీ కనబడలేదు. మా ఆపా ఇంటి మీద పడితే గానీ కళ్ళు తెరుచుకోలేదని ఒప్పుకోవడానికి షరమ్‌గానే ఉంది.

మా దూల్హేభాయ్‌ది కడప. ఒకటే లారీ, పది టైర్లది, 2012 మోడలు. తనే ఓనరు, తనే డ్రైవరు. పోయేటప్పుడు ఎర్రగుంట్ల వైపు నుంచి సిమెంటో, బేతంచెర్ల నుంచి నాపబండలో వేసుకోని బెంగుళూరు పోతాడు. వచ్చేటప్పుడు రిటర్న్ లోడు ఏది దొరికితే అది. ఆ రోజు ఇనుప కడ్డీలు. రాయచోటి దాటి, గువ్వలచెరువులో టీ తాగి, పిల్లలకు అరకిలో పాలకోవా కట్టించుకోని, తెల్లారుజామున ఘాట్ దిగడం మొదలుపెట్టినాడు. సగం దిగేసరికి పెడలు తొక్కితే బండి నిలబడలేదు. కొండ వైపుకు కోసేసి గోడకు గుద్ది ఆపినాడు. ఆపేలోపల ఎదురొచ్చిన మోటర్ సైకిల్ మనిషి కాలు విరిగింది. అతనికి ముప్ఫై రెండేళ్ళు, పాలు పోసుకునే మనిషి. అల్లా దయ, జాన్ పోలేదు. కాలు మాత్రం మునుపటిలా రాదన్నారు డాక్టర్లు.

మా డెస్కు నుంచి నాకు ఫోనొచ్చింది. “అన్నా, గువ్వలచెరువు ఘాట్లో లారీ, బ్రేకులు ఫెయిల్ కావడంతో అని పెట్టేస్తా.” ఆ పిల్లోడికి తెలియదు అది మా బావ బండని. నేను కూడా హా, పెట్టెయ్ అనేసినా. బావను కాపాడే మాటే కదా అనుకున్నా. బ్రేకుదే ఖసూర్, మనిషిది కాదు.

రెండో రోజు మోటర్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండిని చూశాడు. గాలి నిండింది. పెడలు తొక్కాడు. బ్రేకు గట్టిగా పట్టింది. యాంత్రిక లోపం ఏమీ లేదు అని రిపోర్టులో రాసి సంతకం పెట్టాడు. మా పేపరేమో బ్రేకు ఫెయిలంది, సర్కారు రిపోర్టు బ్రేకు భేషుగ్గా ఉందంది. నడుమ మా బావ ఝూటా మనిషి అయిపోయాడు. కేసు కట్టారు. కొత్త చట్టంలో 281, 125. జామీను మీద బయట ఉన్నాడు.

ఇక్కడ ఒక మాట. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. ఆ మాట తెలుగు కచేరీల్లోకి వచ్చేసరికి ముద్దాయి అయి, నేరం మోపబడినవాడికి అంటుకుంది. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, ఈ తిరకాసు నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎవరు దావా వెయ్యాల్సినవాడో వాడే బోనులో నిలబడ్డాడు.

అసలు ఏం జరిగిందో నాకు తెలిసింది రిపోర్టులో కాదు, కర్నూల్లో బళ్ళారి చౌరస్తా అవతల ఒక షెడ్డులో. నలభై ఏళ్ళుగా బ్రేకుల పని చేస్తున్న ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు. ఆయన ముందు రిపోర్టు చదివి వినిపిస్తే నవ్వాడు. “అరే మియా, చల్లారిన బ్రేకు పడతది. ఎందుకు పడదు? వేడిమీద పడలే. వాళ్ళు చూసింది ఏ బ్రేకు, వీడు తొక్కింది ఏ బ్రేకు?”

ఇది అర్థం కాకపోతే ఘాట్లో జరిగే ఏదీ అర్థం కాదు. బ్రేకు చేసే పని ఒక్కటే, వేగాన్ని వేడిగా మార్చడం. చక్రం లోపల ఇనుప డ్రమ్ము తిరుగుతుంటుంది, దాని లోపలి అంచుకు షూ మీద బిగించిన లైనర్ రుద్దుకుంటుంది. 28.5 టన్నుల బండి వంద మీటర్ల ఎత్తు కిందికి దిగితే, ఆ బరువునంతా బ్రేకే మోస్తే, పుట్టే వేడి సుమారు ఎనభై లీటర్ల చల్లటి నీళ్ళను మరిగించేటంత. ఆ వేడి కొన్ని నిమిషాల్లో ఆరు డ్రమ్ముల్లోకి పోవాలి. డ్రమ్ము వేడెక్కి ఉబ్బుతుంది, లైనరుకూ దానికీ మధ్య సందు పెరుగుతుంది. గాలి తోసే కడ్డీ తన దూరమంతా ప్రయాణించినా లైనర్ గట్టిగా ఒత్తుకోదు. లైనర్ మీది పొర మాడి గాజులాగా నున్నగవుతుంది. గాలి గేజీ నిండుగానే చూపిస్తుంటుంది, పెడలు పడుతూనే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. గంట తర్వాత చల్లారితే అదే బ్రేకు మళ్ళీ పడుతుంది. బండిని నిలబెట్టి తొక్కి చూస్తే ఏం సబూత్ దొరుకుతుంది? డ్రమ్ము విప్పాలి. నీలంగా మాడిన మచ్చలు, వెంట్రుకల్లాంటి పగుళ్ళు, నున్నబడిన లైనరు కళ్ళతో చూడాలి. రోడ్డు పక్కన ఆరు డ్రమ్ములు విప్పే తీరిక ఎవరికుంది?

మేము విప్పించాం. ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చి పోయాక, మా ఖర్చుతో. వెనక రెండు చక్రాల్లో లైనరు రివిట్ల దాకా వచ్చేసి ఉంది. మిగతా వాటిల్లో ఉంది గానీ ఉస్తాద్ గోరుతో గీకితే పొడిపొడిగా రాలింది. “ఇది లైనరా, రస్క్ ముక్కా?” అన్నాడు.

ఆ లైనర్లు వేయించి నాలుగు నెలలే అయింది.

మా దూల్హేభాయ్‌కి ఒక నోటుబుక్కు ఉంది. ఆయన కూడా ఉర్దూ బడిలో చదివినవాడే, కుడి నుంచి ఎడమకు రాసుకుంటాడు ఖర్చా అంతా. మా ఆపా దాన్ని నా ముందర పెట్టి “చదువు, నువ్వు పేపరోడివి కదా” అంది. చదివినా. జులై నెల పేజీ. పది టైర్ల బండికి ఆరు చోట్ల లైనర్లు మార్చాలి. పేరున్న కంపెనీ సెట్లయితే పదకొండు వేల చిల్లర, ఊరూపేరూ లేనివయితే అయిదున్నర. రివిట్లు కొట్టి బిగించే మజూరీ మూడు వేలు. అరిగిన డ్రమ్ములను లేత్ పట్టించాలి. సీళ్ళు, గ్రీసు. మొత్తం మంచిదయితే పద్దెనిమిది వేల పైన, కాకపోతే పదకొండు. (ఇది మా ఇంటి లెక్క, మీ ఊళ్ళో అటూ ఇటూ ఉండొచ్చు.) ఆ పక్కనే మూడు ముక్కలు ఉన్నాయి. ఫైనాన్స్ కిస్తీ 23 వేలు. పెద్దమ్మాయి ఇంటర్ ఫీజు. బండి షెడ్డులో రెండు రోజులు ఖాళీ. ఆ మూడింటి కింద గీత గీసి, పదకొండు వేల లెక్కకు టిక్కు పెట్టుకున్నాడు.

ఏడు వేల రూపాయల తేడా. ఆ ఏడు వేలు మిగిలించుకున్న మనిషి ఇప్పుడు వకీలుకు ఎంత ఇచ్చాడో నేను రాయను.

“అంటే మీ బావదే తప్పు” అని మీలో కొందరు అంటారు. కొంత ఔను. నేను ఆయన్ని ఫరిష్తాను చేసి చూపించడానికి రాయడం లేదు. ఘాట్ ఏ గేరులో దిగినావు భాయ్ అని అడిగితే చాలాసేపు నేల చూశాడు. పై గేరులోనే దిగాడు. ఆరు గంటలకల్లా సరుకు దించాలని వ్యాపారి మునీమ్ నాలుగు సార్లు ఫోన్ చేశాడట. ఇంకా కొందరు ఏకంగా న్యూట్రల్ కొట్టేస్తారు, డీజిల్ మిగులుతుందని. ఆ మిగులు కూడా సగం భ్రమే. గేర్లో యాక్సిలేటర్ వదిలేసి దిగుతుంటే చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి, పంపు డీజిల్ ఆపేస్తుంది. న్యూట్రల్లో ఇంజన్ తనంతట తాను తిరగాలి కాబట్టి తాగుతూనే ఉంటుంది. పైగా ఇంజన్ పట్టు పోయి బరువంతా బ్రేకుల నెత్తిన పడుతుంది. ఈ సంగతి మా బావకు తెలుసు. తెలిసినవాడు కూడా తప్పు గేరులో దిగాడు. దాన్ని నేను మాఫ్ చెయ్యమనడం లేదు, ఆ కాలు విరిగిన మనిషి చెయ్యాలి.

కానీ లెక్క అడిగితే అందర్నీ అడగాలి కదా.

బండిలో ఆ రోజు 33 టన్నుల బరువుంది. 2018 జులైలో కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది. పది టైర్ల బండికి అంతకుముందు 25 టన్నులుండేది, 28.5 చేశారు. లారీ వాళ్ళకు మేలు అన్నారు. పెరిగిన మూడున్నర టన్నుల కిరాయి ఎవరి జేబులోకి పోయింది? టన్ను రేటు తగ్గింది, వ్యాపారికి కలిసొచ్చింది. పాత బండి డ్రమ్ములేమో 25 టన్నులకు పోతపోసినవి, వాటిని ఎవరూ పెంచలేదు. దాని మీద ఇంకో నాలుగున్నర టన్నులు వేయించుకున్నాడు మా బావ. ఎందుకు వేయించుకున్నావంటే, “వద్దంటే నా వెనక బండి నిలబడుంది” అన్నాడు. రిటర్న్ లోడు కిరాయి అంటే డీజిల్ ఖర్చు, టోలు పోను మిగిలేది చాయ్ పైసలే. కాటా చీటీలు రెండు రాయించారట, ఒకటి చూపించడానికి, ఒకటి డబ్బులకు.

ఓవర్‌లోడుకు జరిమానా ఇరవై వేలు, ఆపైన టన్నుకు రెండు వేలు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను. ఆ సెక్షను నడిపినవాణ్ణి ఒక్కణ్ణే అనదు, నడిపించినవాణ్ణీ అంటుంది. ఈ పదిహేడేళ్ళలో నేను రాసిన ఘాట్ ప్రమాదాల ఖబర్లలో సరుకు వేసినవాడి పేరు ఒక్కసారి కూడా రాయలేదు. ఎఫ్ఐఆర్‌లో చూసిన గుర్తూ లేదు. డ్రైవరు పేరు, అతని తండ్రి పేరు, అతని కులం కాలమ్, ఊరు, వీధి అన్నీ ఉంటాయి. ముప్ఫై మూడు టన్నులు ఎక్కించిన గోడౌను పేరు ఉండదు. ఇనుము తనంతట తాను బెంగుళూరులో నడుచుకుంటూ వచ్చి లారీ ఎక్కి కూర్చుంది మరి!

ఇప్పుడు రసీదు సంగతి. కేసులో వకీలు మొదట అడిగింది అదే. బ్రేకు పోవడం తన చేతిలో లేని సంగతని చెప్పుకోవాలంటే, బండిని సరిగ్గా చూసుకున్నాననే సబూత్ ఓనరే చూపించాలి. లైనర్లు ఎప్పుడు మార్చావు, ఎక్కడ కొన్నావు, బిల్లేది? ఇన్సూరెన్స్ వాళ్ళూ అదే మాట. మా బావ దగ్గర ఉంది సిగరెట్ పెట్టె వెనకాల రాసిచ్చిన చిట్టీ. షాపు పేరు లేదు, తారీఖు లేదు, “లైనర్ 6 సెట్” అని ఒక అంకె. పక్కా బిల్లు కావాలంటే జీఎస్టీ వేస్తాం అన్నారట. అప్పుడు 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి విడిభాగాలన్నీ 18 శాతం కిందికి వచ్చాయి. పేపర్లో నేనే రాశా, వాహనదారులకు ఊరట అని. బిల్లే రాయని దుకాణంలో పన్ను తగ్గితే ఎవరికి తగ్గినట్టు? మొన్న పోయి అడిగినా. అదే లైనరు, అదే రేటు, అదే సిగరెట్ పెట్టె.

సరే, ఫిట్‌నెస్ పరీక్ష ఉంది కదా అంటారు. ఉంది. ఇరవై ఏళ్ళు దాటిన పెద్ద లారీకి ఫిట్‌నెస్ ఫీజు ఇప్పుడు 25 వేలు చేసి పెట్టింది కేంద్రం. రోడ్ల మీద ముసలి బండ్లు తగ్గాలంట. ఆలోచన చెడ్డది కాదు. కానీ పేదోడు ఆ 25 వేలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? లైనర్ల పైసల్లోంచే తెస్తాడు. ఫీజు కట్టినాక బ్రేకుకు మిగలదు. పరీక్ష రోజుకు మంచి టైర్లు కిరాయికి తెచ్చుకోని మరుసటి రోజు తిప్పి ఇచ్చేసేవాళ్ళను నేను చూశాను. బ్రేకు కూడా అంతే, ఆ పొద్దుకు అడ్జస్టరు తిప్పి బిగించి పెడితే చల్లటి బ్రేకు బ్రహ్మాండంగా పడుతుంది. మిషను పచ్చలైటు చూపిస్తుంది. గువ్వలచెరువు ఘాట్ ఆ మిషనులో లేదు!

2025 అక్టోబరు 24న మా కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ట్రావెల్స్ బస్సు కాలిపోయాక, అధికారులు ప్రైవేటు బస్సుల వెంటపడ్డారు. తనిఖీలు, సీజులు, ఫొటోలు. నేనూ రాశా. మంచిదే. మరి గువ్వలచెరువు ఘాట్లో 2024 ఆగస్టులో, 2025 మేలో లారీలు కార్ల మీదికి పోయి కుటుంబాలకు కుటుంబాలే మయ్యత్తులయ్యాయి. అప్పుడు లారీల డ్రమ్ములు విప్పి చూసిందెవరు? ఘాట్ కింద సొరంగం తవ్వుతామన్నారు. ఇన్షా అల్లా, తవ్వనీ. సొరంగం పూర్తయ్యేదాకా మనం ఏం చెయ్యాలో ఎవరూ చెప్పడం లేదు.

కార్ల వాళ్ళు ఇదంతా లారీల గొడవ అనుకోని దాటేసుకుంటున్నారేమో. మీ దగ్గరికే వస్తున్నా, ముందు నా దగ్గరికే.

నాకొక సెకండ్‌హ్యాండ్ చిన్న కారుంది. రెండేళ్ళ కింద ముందు చక్రం కీచుమంటుంటే షోరూము సర్వీసుకు పట్టుకపోయినా. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కాఫీ ఇచ్చినప్పుడే షక్ రావాలి. టాబ్లెట్ పట్టుకున్న కుర్రాడు వచ్చి ప్యాడ్లు, డిస్కులు రెండూ, వెనక షూలు, క్యాలిపర్ కిట్టు అని 14,800 చూపించాడు. “మీ ఫ్యామిలీ సేఫ్టీ సార్” అన్నాడు. ఆ మాటతో నోరు మూయిస్తారు. పెళ్ళాం బిడ్డల పేరు చెప్పి భయపెడితే ఏ మొగోడు బేరమాడతాడు? నాకు ఆ నెల జీతమే పడలేదు కాబట్టి ధైర్యం వచ్చింది. బండి వెనక్కి తీసుకోని ఉస్తాద్ దగ్గరికి పోయా. చక్రం విప్పి ప్యాడు నా చేతిలో పెట్టాడు. సగానికి సగం మందం ఉంది. మూడు మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి, ఇది అయిదు పైనే ఉంది. డిస్కు మీద గీత లేదు. దుమ్ము పేరుకోని కీచుమంటోంది. మన సీమ ఎర్రదుమ్ము, తెలిసిందే. తుడిచి, పిన్నులకు గ్రీసు పెట్టి మూడు వందలు తీసుకున్నాడు.

ఈ కథ ఇక్కడితో ఆపేస్తే నేను మస్తు తెలివైనోణ్ణి. ఆపను. ఏడాది తరువాత ఆ ప్యాడ్లు నిజంగానే అరిగిపోయాయి. ఉస్తాద్ ఇప్పుడు మార్చెయ్ అన్నాడు. మంచివి రెండు వేల చిల్లర. నేను బజార్లో ఆరు వందలవి కొనుక్కపోయినా. ఆయన చేతిలోకి తీసుకోని వాసన చూసి, “కైకు లాయే యే?” అన్నాడు. బిగించమన్నా. పైసల్ బచాయించిన ఖుషీ అయిదు నెలలుంది. నంద్యాల నుంచి గిద్దలూరు ఘాట్ మీదుగా పెళ్ళికి పోతుంటే గర్రుమని ఇనుము ఇనుమును కోస్తున్న శబ్దం. వెనక సీట్లో అమ్మీ, పిల్లలు. ప్యాడు మందు ఊడిపోయి వెనక రేకు డిస్కును తింటోంది. రెండు డిస్కులు, ప్యాడ్లు కలిపి ఆరు వేల అయిదు వందలు అయ్యింది. షోరూమువాడు చేసిన మోసం కన్నా నా కంజూసీ చేసిన నష్టం ప్రమాదకరం. అందుకే దూల్హేభాయ్ నోటుబుక్కులో ఆ టిక్కు చూసినప్పుడు నాకు నోరు రాలేదు. అది నా చేతిరాత కూడా.

కాబట్టి కార్లవాళ్ళకు ఉస్తాద్ చెప్పిందే చెప్తున్నా. పాత ప్యాడ్లు నీ చేతికి ఇమ్మని అడుగు, ఇవ్వనన్నవాడి దగ్గర మార్పించకు. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చకపోతే వేడికి లోపలే ఆవిరి పుట్టి పెడలు మెత్తబడుతుంది. మూడు నాలుగు వందల పని. దాన్ని ఏళ్ళకేళ్ళు వదిలేసి సీటు కవర్లకు ఎనిమిది వేలు పెడతాం మనం. అద్దం మీద “మాఁ కీ దుఆ” అని రాయించుకుంటాం. ముందు ఒంటెను కట్టెయ్, ఆ తరువాత తవక్కుల్ చెయ్ అన్న హదీసు బయాన్లలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మన కాలంలో ఒంటె కట్టుతాడు మందం మూడు మిల్లీమీటర్లు.

ఉస్తాద్ దగ్గు గురించి కూడా రాయాలి. రాస్తానని ఆయనకు చెప్పలేదు. డ్రమ్ము విప్పగానే గాలి గొట్టంతో బుస్సున ఊదుతారు, నల్లటి పొడి లేస్తుంది. షెడ్డులో షాగిర్దులు, పదహారు పదిహేడేళ్ళ మన పిల్లలే, అందులోనే నిలబడి బన్ను తింటుంటారు. పాత కాలం లైనర్లలో ఆ పొడి ఏమిటో తెలుసా? రాతినార. ఆస్‌బెస్టాస్. మన కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కలే దాని గనులుండేవి, దేశంలో మేలురకం రాతినారకు పేరు. 1986లో కొత్త లీజులు ఆపేశారు. 1995లో సుప్రీంకోర్టు ఆ పరిశ్రమల్లో పనిచేసే కూలీల ఊపిరితిత్తుల గురించి గట్టి తీర్పే ఇచ్చింది. ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అయినా దేశంలోకి దిగుమతి ఆగలేదు. ఆ అయిదున్నర వేల లైనరులో ఏం కలిపారో అట్ట మీద ఏమీ రాయలేదు. ఊదకండి, తడిగుడ్డతో తుడవండి అంటే షాగిర్దులు నవ్వారు. ఒక బండికి అరగంట ఎక్కువ పడుతుంది, ఆ అరగంట మజూరీ ఎవరిస్తారు? మళ్ళీ అదే హిసాబు. అగ్గువ బ్రేకు ధరలో కొంత మన పిల్లల ఊపిరితో కడుతున్నారు. మెకానిక్ పని మన కౌమ్ పని అని గొప్పగా చెప్పుకునే పెద్దలు జలసాల్లో ఒక్కసారైనా ఈ పొడి గురించి మాట్లాడగా నేను వినలేదు.

నాకు కావాల్సినవి చెప్తాను, పెద్దవేం కావు. గువ్వలచెరువు దగ్గర, ఘాట్ మొదలయ్యే ముందు, ప్రతి లోడు లారీ పది నిమిషాలు ఆగే చోటు కావాలి. చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూస్తే వేడి తెలుస్తుంది, దానికి మిషను అక్కర్లేదు. పాలకోవా కోసం వంద బండ్లు ఆగే చోట బ్రేకు కోసం ఆపలేమా? ఘాట్ మధ్యలో కంకర పోసిన ఎగుడు దారి ఒకటి కావాలి, అదుపు తప్పిన బండి అందులోకి పోయి కూరుకోని ఆగేట్టు. అమెరికాలో పెద్ద దిగుళ్ళ పక్కన అవి ఎప్పటి నుంచో ఉన్నాయి. ప్రమాదం అయితే డ్రమ్ములు విప్పి ఫొటో తీసి రిపోర్టుకు అంటించాలి. కాటా చీటీ రాసిన గోడౌను పేరు ఎఫ్ఐఆర్‌లో ఉండాలి. లైనరు అమ్మినవాడు బిల్లు రాయాలి. దీనికి కొత్త చట్టం ఒక్కటి కూడా అవసరం లేదు.

“ఇవన్నీ పెడితే కిరాయిలు పెరుగుతాయి, సిమెంటు బస్తా ధర పెరుగుతుంది” అన్నాడు మొన్న ఒక కాంట్రాక్టరు మిత్రుడు. పెరగనీ భాయ్. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. ఆ పాలు పోసే మనిషి కాలితో కట్టాడు, మా ఆపా తన రెండు గాజులు అమ్మి కట్టింది. బస్తా మీద రెండు రూపాయలుగా అందరం కట్టేది, వాళ్ళిద్దరి దగ్గరే ఎందుకు వసూలు చేయాలి? ఇంకొకాయన, నమాజీ మనిషే, “తక్దీర్ హై” అన్నాడు. తన కొత్త కారుకు మాత్రం అన్ని కవర్లూ ఉన్న ఇన్సూరెన్స్ తీసుకున్నాడు ఆయన.

పేషీ వచ్చే నెల పదో తారీఖు. వకీలు జులై నాటి లైనర్ల బిల్లు తెమ్మంటున్నాడు. షాపువాడు నేను అమ్మలేదు అంటున్నాడు. మా బావ నోటుబుక్కును సబూత్‌గా పెట్టొచ్చా అని అడిగాను. ఉర్దూలో ఉంది కాబట్టి తర్జుమా చేయించి తెమ్మన్నాడు. నిన్న రాత్రి కూర్చోని జులై పేజీ మొత్తం తెలుగులోకి రాశాను. లైనర్లు ఆరు సెట్లు. మజూరీ. గ్రీసు. కిస్తీ. పెద్దమ్మాయి ఫీజు. ఆ చివరి రెండూ కేసుకు అవసరం లేదు కొట్టేయమన్నాడు వకీలు. నేను కొట్టెయ్యలేదు.